కోరల్ ఫైల్ నుంచి వెబ్‌సైట్ దాకా: లోగోని ఎస్‌వీజీగా తెచ్చుకుని కదిలించడం

గుంటూరులో ఏ షాపువాళ్లు వెబ్‌సైట్ చేయించుకున్నా మనం మొదట అడిగేది లోగో, మనకి మొదట వచ్చేది వాట్సాప్‌లో ఒక జేపీజీ. అది ఫ్లెక్స్‌కి తీసిన ఫొటో అయినా అయ్యుంటుంది, విజిటింగ్ కార్డు స్కాన్ అయినా అయ్యుంటుంది. దాన్నే సైట్ పైన పెట్టేస్తే అంచులు మసకబారిపోయి, చుట్టూ తెల్ల డబ్బాతో కనిపిస్తుంది. అసలా లోగో పుట్టింది గీతలుగా. అరండల్‌పేటలోనో, బెజవాడ గవర్నర్‌పేటలోనో ఒక డిజైనర్ కోరల్‌డ్రాలో ఒక్కో వంపూ లాగి గీసిన బొమ్మ అది. ఇరవై అడుగుల ఫ్లెక్సు మీద కూడా చెక్కుచెదరని ఆ గీత, ఫోన్ స్క్రీన్ దగ్గరికి వచ్చేసరికి పాడవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. దారిలో ఎక్కడా ఫొటోగా మార్చకుండా చివరిదాకా గీతగానే, అంటే గీతల్ని గీతలుగానే దాచుకునే ఎస్‌వీజీ ఫైల్‌గా తీసుకెళ్తే ఈ సమస్యే రాదు. పైగా దాన్ని కదిలించడం కూడా తేలికవుతుంది. ఒక మిర్చి కమిషన్ షాపు లోగోని ఉదాహరణగా పెట్టుకుని మొదటినుంచి చెప్తాను: ఎర్ర మిరపకాయ, పచ్చ తొడిమ, కింద తెలుగులో షాపు పేరు.

ముందు అసలు ఫైల్ సంపాదించండి

ప్రెస్సుకి ఫోన్ చేసి "అన్నా, మా లోగో కోరల్ ఫైల్ ఒకసారి తీసిపెట్టండి, కర్వ్స్ చేసి పీడీఎఫ్ కూడా ఇవ్వండి" అని అడగండి. ఈ రెండో మాట మర్చిపోవద్దు. మన దగ్గర ప్రెస్సుల్లో తెలుగు చాలావరకు అను ఫాంట్లలో కొడతారు, అవి యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టుకున్న పాత పద్ధతి అది. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్లో అంతా బాగానే కనిపిస్తుంది, లేని చోట పిచ్చి గుర్తులు వస్తాయి. నాకు ఒకసారి సరిగ్గా ఇదే జరిగింది. నా ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంట్ ఉండటంతో తేడా తెలియలేదు, సైట్ లైవ్ అయ్యాక ఓనర్ గారు ఫోన్ చేసి "బాబూ, మా పేరుకి బదులు ఏవో గుర్తులొస్తున్నాయి" అన్నారు. ఆ రోజు పడిన టెన్షన్ తర్వాత కర్వ్స్ చేయని ఏ ఫైలునీ నేను ముట్టుకోవడం లేదు. కోరల్‌లో అక్షరాలు సెలెక్ట్ చేసి కంట్రోల్+క్యూ నొక్కితే అవి కర్వ్స్ అయిపోతాయి, అంటే అక్షరం ఇక అక్షరంగా ఉండదు, వట్టి ఆకారంగా మిగులుతుంది. ఇల్లస్ట్రేటర్‌లో షిఫ్ట్+కంట్రోల్+ఓ, ఇంక్‌స్కేప్‌లో షిఫ్ట్+కంట్రోల్+సి అదే పని చేస్తాయి.

కోరల్ మీ దగ్గర లేకపోయినా ఫర్వాలేదు. ఇంక్‌స్కేప్ ఉచితం, 2003 నుంచి ఉంది, దాని సొంత ఫార్మాటే ఎస్‌వీజీ. కొన్ని సీడీఆర్ (కోరల్) ఫైళ్లు అందులో నేరుగా తెరుచుకుంటాయి, కొత్త వెర్షన్లలో సేవ్ చేసినవి మొరాయిస్తే ఆ పీడీఎఫ్ తెరవండి. అసలు ఫైల్ ఎక్కడా దొరక్కపోతే చాలామంది ట్రేస్ బిట్‌మ్యాప్ (ఫొటోని దానంతటదే గీతలుగా మార్చే ఆప్షన్) కొట్టేసి వదిలేస్తారు. నా మాట వింటే ఆ జేపీజీని కింద పెట్టుకుని పెన్ టూల్‌తో మళ్లీ గీయండి. మిరపకాయకి ఏడెనిమిది నోడ్లు (గీతని పట్టి ఉంచే చుక్కలు) చాలు, ట్రేస్ చేస్తే అదే కాయకి వందల నోడ్లు పడతాయి, అంచు గరుకుగా ఉంటుంది, రేపు కదిలిద్దామంటే ఏ ముక్క ఎక్కడుందో కూడా తెలియదు. గంట పని, కానీ మళ్లీ ఎప్పుడూ చేయక్కర్లేదు.

రంగు సంగతి కూడా ఇక్కడే చూసుకోండి. ప్రింటు ఫైలు సీఎంవైకేలో, అంటే సిరా రంగుల లెక్కలో ఉంటుంది, స్క్రీన్‌ది ఆర్‌జీబీ, అంటే వెలుతురు రంగుల లెక్క. మార్చినప్పుడు ఎరుపు తరచూ ఇటుక రంగులోకి దిగిపోతుంది. మిర్చి షాపుకి అది కుదరదు, ఎండిన కాయని పక్కన పెట్టుకుని కంటితో చూసి రంగు మళ్లీ ఎంచుకోండి.

ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి

ఎస్‌వీజీ గురించి ఒక్క విషయమే గుర్తుపెట్టుకోమంటే ఇది చెప్తాను: అది రాత. 2001లో వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ ప్రమాణంగా ప్రకటించిన నాటినుంచీ అది చదవగలిగే టెక్స్టే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మీ మిరపకాయ "పాత్" అనే పేరుతో కనిపిస్తుంది, దాని "డి" విలువలో ఎం అంటే పెన్ను ఇక్కడ పెట్టు, సి అంటే ఇలా వంపు తిప్పు, జెడ్ అంటే మొదలుపెట్టిన చోట కలిపెయ్ అని అర్థం. ఒకసారి ఇలా చదవడం అలవాటైతే భయం పోతుంది. ఫైల్లో ఎక్కడైనా "డేటా ఇమేజ్" అని మొదలై అర్థంకాని అక్షరాలు పేజీలకి పేజీలు కనిపిస్తే, గీతల మధ్యలో ఒక ఫొటో దాక్కుని ఉందన్నమాట. కోరల్‌లో వేసిన నీడలు, ట్రాన్స్‌పరెన్సీలు చాలాసార్లు ఇలా బిట్‌మ్యాప్ (ఫొటో) అయిపోతాయి. వాటిని తీసేసి మామూలు గ్రేడియంట్ వేసుకోండి.

తర్వాత వ్యూబాక్స్. నాలుగు అంకెలు ఉంటాయి, ఉదాహరణకి "0 0 400 300". మొదటి రెండూ ఎక్కడినుంచి చూడాలో, తర్వాతి రెండూ ఎంత వెడల్పు, ఎంత ఎత్తు చూడాలో చెప్తాయి. అది కిటికీ లాంటిది. అది లేకుండా వెడల్పు, ఎత్తు మాత్రమే ఉన్న ఫైల్ ఫోన్లో చిన్నదవ్వదు, సగం కాయ తెగిపోయి కనిపిస్తుంది. ఇంక్‌స్కేప్‌లో డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి పేజీని బొమ్మకి సరిపడా కుదించి, "ప్లెయిన్ ఎస్‌వీజీ"గా సేవ్ చేయండి. మామూలుగా సేవ్ చేస్తే ఇంక్‌స్కేప్ తన సొంత లెక్కలన్నీ అందులో రాసుకుంటుంది.

ఇక శుభ్రం చేయడానికి ఎస్‌వీజీఓ అనే పనిముట్టు ఉంది, దాన్నే బ్రౌజర్లో వాడుకునేలా ఎస్‌వీజీఓఎంజీ అనే పేజీ ఉంది. 123.456789 లాంటి అంకెని 123.457 చేస్తుంది, వాడని ముక్కలు తీసేస్తుంది, ఫైల్ బాగా తగ్గుతుంది. కాకపోతే రెండు సెట్టింగులు చూసుకోండి. పాత వెర్షన్లలో వ్యూబాక్స్‌ని తీసేసే ఆప్షన్ ముందే ఆన్‌లో ఉంటుంది, దాన్ని ఆపండి. క్లీనప్ ఐడీస్ కూడా ఆపండి, ఎందుకంటే మీరు "కాయ", "తొడిమ" అనే అర్థంలో పెట్టుకున్న ఐడీలన్నీ అది చెరిపేస్తుంది, కదిలించేటప్పుడు పట్టుకోవడానికి పేరు ఉండదు. ఒకే పేజీలో రెండు ఎస్‌వీజీలు ఉండి రెంటిలోనూ గ్రేడియంట్ ఐడీ "ఏ" అయితే ఒకదాని రంగు ఇంకోదానికి పాకుతుంది. అందుకని ఐడీల ముందు షాపు పేరులోని రెండు మూడు అక్షరాలు తగిలించుకోవడం మంచిది.

పేజీలో పెట్టే పద్ధతి అవసరాన్ని బట్టి. ఇమేజ్ ట్యాగ్‌లో పెడితే తేలిక, బ్రౌజర్ మళ్లీ దించుకోకుండా దాచి ఉంచుకుంటుంది కూడా. లోపల ఉన్న సీఎస్ఎస్ (రంగు, రూపు, కదలిక చెప్పే కోడ్) యానిమేషన్ ఆడుతుంది, కానీ స్క్రిప్టులు నడవవు, బయటి ఫాంట్ లోడ్ అవ్వదు, పేజీ సీఎస్ఎస్‌తో రంగు మార్చలేరు. క్లిక్ చేస్తేనో, వేలు పెడితేనో లోపలి ముక్కలు స్పందించాలంటే కోడ్ మొత్తం హెచ్‌టీఎంఎల్‌లోనే అతికించాలి. అప్పుడు రోల్ "ఐఎంజీ" (img) అని పెట్టి, టైటిల్‌లో షాపు పేరు తెలుగు యూనికోడ్‌లో రాయండి, కర్వ్స్ చేసిన అక్షరాలు చూపులేనివాళ్లకి పేజీ చదివిపెట్టే స్క్రీన్ రీడర్‌కి తెలియవు మరి. ఎవరో పంపిన ఎస్‌వీజీని మాత్రం లోపల చూడకుండా అతికించకండి, అందులో స్క్రిప్టు ఉండొచ్చు. వర్డ్‌ప్రెస్ మామూలుగా ఎస్‌వీజీ అప్‌లోడ్‌ని ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

కాయ ఊగాలి, ఎగిరిపోకూడదు

మొదటి కదలికగా కాయని తొడిమ దగ్గర పట్టుకుని కొంచెం ఊపుదాం. సీఎస్ఎస్‌లో రొటేట్ 6 డిగ్రీలు రాయగానే మీ కాయ స్క్రీన్ మీద ఎటో వెళ్లిపోతుంది. అందరికీ మొదటిరోజు జరిగేది ఇదే. ఎస్‌వీజీ లోపల ఏ ముక్కనైనా తిప్పితే మామూలుగా అది కిటికీ ఎడమ పై మూల చుట్టూ తిరుగుతుంది. తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: బొమ్మ చెయ్యి ఎక్కడ తిరగాలో అక్కడ చిల్లు పెట్టి దారంతో ముడి వేస్తారు, ముడి భుజం దగ్గర పడితే చెయ్యి చెయ్యిలా ఊగుతుంది. మనం ఆ ముడి వేయాలి. ట్రాన్స్‌ఫార్మ్-బాక్స్‌ని ఫిల్-బాక్స్ అని పెట్టండి, అంటే కొలతలు ఆ ముక్కకే లెక్కపెట్టమని. తర్వాత ట్రాన్స్‌ఫార్మ్-ఆరిజిన్ 50% 0 ఇవ్వండి, అంటే ముడి నడి నెత్తిన, తొడిమ అతికే చోట. ఇప్పుడు కాయ చెట్టుకి వేలాడినట్టు ఊగుతుంది.

ఇంకో ఉచ్చు ఉంది, దీని మీద నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఇంక్‌స్కేప్ నుంచి వచ్చిన ముక్కల్లో ఒక్కోసారి ముందే ట్రాన్స్‌ఫార్మ్ రాసి ఉంటుంది, మీరు సీఎస్ఎస్‌లో ట్రాన్స్‌ఫార్మ్ ఇవ్వగానే పాతది రద్దయిపోయి ముక్క తన చోటు వదిలేస్తుంది. పరిష్కారం చిన్నది: ఆ ముక్క చుట్టూ ఇంకో "జి" గ్రూపు చుట్టి, యానిమేషన్ బయటి గ్రూపుకి ఇవ్వండి. లోపలిది చోటు చూసుకుంటుంది, బయటిది ఊపు చూసుకుంటుంది. తోలుబొమ్మకి మోచెయ్యి, భుజం రెండు ముడులు ఉన్నట్టే గ్రూపులో గ్రూపు పెట్టుకుంటూ పోతే మనిషి బొమ్మ కూడా చేయొచ్చు.

కదిలించేటప్పుడు వీలైనంతవరకు ట్రాన్స్‌ఫార్మ్, ఒపాసిటీ ఈ రెంటితోనే పని కానివ్వండి. ఆకారాలు మార్చడం, బ్లర్ ఫిల్టర్లు తిప్పడం తక్కువ ధర ఫోన్ని బాగా కష్టపెడతాయి.

తెలుగు అక్షరం రాస్తున్నట్టు చూపించడం

గీత తనంతట తాను గీసుకుంటున్నట్టు కనిపించే ఎఫెక్ట్ మీరు చూసే ఉంటారు. దాని కిటుకు తేలిక. స్ట్రోక్-డ్యాష్‌అర్రేతో గీతని చుక్కలు చుక్కలుగా తుంచొచ్చు కదా, ఒక్క తునకే గీతంత పొడుగు ఉండేలా పెట్టి, స్ట్రోక్-డ్యాష్‌ఆఫ్‌సెట్‌తో దాన్ని కనపడకుండా పక్కకి జరిపి, నెమ్మదిగా సున్నాకి తీసుకురావడమే. పాత్ పొడవు కొలవడం ఎందుకనుకుంటే పాత్‌లెంగ్త్ 1 అని రాసేయండి, అప్పుడు డ్యాష్ 1, ఆఫ్‌సెట్ 1 నుంచి 0, అంతే. తొడిమకి ఇలా చేస్తే బాగుంటుంది.

అదే పని షాపు పేరు మీద చేస్తే దెబ్బ తింటారు. కర్వ్స్ చేసిన అక్షరం గీత కాదు, లోపల రంగు నింపిన ఆకారం. డ్యాష్ పెడితే అక్షరం చుట్టూ అంచు గీసుకుంటుంది, కంపెనీ బోర్డు మీద నియాన్ ట్యూబు వెలిగినట్టు. చిన్నప్పుడు పలక మీద బలపంతో దిద్దినట్టు రావాలంటే ఇంకో దారి ఉంది, కాస్త ఓపిక కావాలి, కానీ ఫలితం చూశాక ఆ ఓపికకి విలువ ఉందనిపిస్తుంది. అక్షరం పైన పెన్ టూల్‌తో, మధ్యగుండా, చెయ్యి తిరిగే వరసలోనే ఒక సన్నని గీత గీయండి. ఆ గీత మందాన్ని అక్షరం మందం కంటే కొంచెం ఎక్కువ పెట్టి, రంగు తెలుపు చేసి, దాన్ని మాస్క్‌లో పెట్టండి. అసలు అక్షరానికి ఆ మాస్క్ తగిలించి, డ్యాష్ యానిమేషన్ మాస్క్‌లోని గీతకి ఇవ్వండి. మాస్క్ గీత ఎంతవరకు వెళ్తే అక్షరం అంతవరకే బయటపడుతుంది. మన అక్షరాలు గుండ్రాలు కాబట్టి గీత తన పక్కనుంచే మళ్లీ వస్తూ ఉంటుంది, అలాంటి చోట మందం పక్క వంపుని తాకి ముందే బయటపెట్టేస్తుంది. అక్కడ ఆకారాన్ని రెండు ముక్కలు చేసి రెంటికీ వేరే మాస్కులు పెట్టాలి. తలకట్టు, గుడి, వత్తు దేనికది వేరే గీత, వేరే ఆలస్యం. ఏది ముందు, ఏది తర్వాత అనే వరస తప్పితే తెలుగు రాసే ప్రతి ఒక్కరి కంటికీ ఇట్టే తెలిసిపోతుంది, కాబట్టి ఒకసారి కాగితం మీద రాసి చూసుకుని మొదలుపెట్టండి.

టైప్ చేస్తున్నట్టు ఒక్కో అక్షరం కనిపించే ఎఫెక్టు గురించి కూడా ఒక మాట. యూనికోడ్ తెలుగుని కోడ్‌తో ఒక్కో గుర్తుగా విడగొట్టి చూపిస్తే "మిర్చి"లో రెండో అక్షరం దగ్గర ఏమవుతుందో చూడండి: ముందు "ర" వస్తుంది, తర్వాత అది "ర్" అవుతుంది, తర్వాత "ర్చ", చివరికి "ర్చి". చూసేవాళ్లకి నాలుగు వేరే వేరే అక్షరాలు గబగబా మారినట్టు ఉంటుంది. ఇంగ్లిష్ కోసం రాసిన లైబ్రరీలు తెచ్చి అలాగే పెట్టేసిన తెలుగు సైట్లలో ఈ తప్పు తరచూ చూస్తుంటాను, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. "మి", "ర్చి" అని అక్షరాలవారీగా మీరే విడగొట్టి, ఒక్కోదాన్ని ఒక్కో గ్రూపుగా పెట్టుకోండి.

ఒకసారి గీసి డెబ్బై సార్లు వాడటం

విజయవాడలో ఒక హోటల్ సైటుకి పైన ప్రకాశం బ్యారేజీ బొమ్మ పెట్టాలనుకోండి. బ్యారేజీకి 70 గేట్లు. 70 గీయక్కర్లేదు, ఒక్క గేటుని "సింబల్"గా గీసి "యూజ్"తో 70 చోట్ల పిలవండి. గేటు డిజైన్ మార్చాలంటే ఒక్కచోట మారిస్తే చాలు. ప్రతి దానికీ ఒక సీఎస్ఎస్ వేరియబుల్‌లో వరస సంఖ్య ఇచ్చి, యానిమేషన్ ఆలస్యాన్ని ఆ సంఖ్యతో గుణిస్తే గేట్లు ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి. ఆలస్యం 30 మిల్లీసెకన్లు పెడితే మొత్తం రెండు సెకన్లలో అయిపోతుంది, 200 పెడితే చివరి గేటు లేచేసరికి 14 సెకన్లు, అప్పటికి చూసేవాళ్లు కిందికి స్క్రోల్ చేసేసి ఉంటారు. యానిమేషన్ తెర మీదకి వచ్చాకే మొదలవ్వాలంటే బ్రౌజర్లోనే ఉండే ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ వాడండి. వేల ముక్కలు కదలాల్సి వస్తే, వాన చినుకుల్లాంటివి, అప్పుడు ఎస్‌వీజీ వదిలేసి, కోడ్‌తో పిక్సెళ్లుగా గీసే క్యాన్వాస్‌కి వెళ్లాలి.

పెద్ద పనిముట్లు ఎప్పుడు

ఒకప్పటి వెబ్ యానిమేషన్ పనిముట్టు ఫ్లాష్ నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ "టైమ్‌లైన్ ఏది?" అని అడుగుతారు, వాళ్ల ప్రశ్న న్యాయమైనదే. ఫ్లాష్‌కి అడోబీ 2020 డిసెంబర్ 31తో మద్దతు ఆపేసింది, ఆ ఒక్క పనిముట్టు చేసిన పనిని ఇప్పుడు నాలుగైదు పంచుకున్నాయి. ఊగడం, తిరగడం, కనపడటం వరకు సీఎస్ఎస్ చాలు. అది ముందు, ఇది తర్వాత, స్క్రోల్ చేస్తే మూడోది అనే వరస ఉంటే జీఎస్ఏపీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ పట్టుకోండి. ఒకప్పుడు డబ్బు కట్టాల్సిన దాని మార్ఫ్‌ఎస్‌వీజీ, డ్రాఎస్‌వీజీ ప్లగిన్లు కూడా 2025 నుంచి ఉచితం. పచ్చి మిరపకాయ ఆకారం మెల్లగా ఎండు మిరపకాయ ఆకారంలోకి మారాలంటే మార్ఫ్‌ఎస్‌వీజీ చక్కగా చేస్తుంది.

అడోబీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో పని చేసే యానిమేటర్ మీ టీమ్‌లో ఉంటే లాటీ ఉంది. బాడీమూవిన్ ప్లగిన్‌తో యానిమేషన్‌ని జేసన్ అనే టెక్స్ట్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తారు, పేజీలో ప్లేయర్ దాన్ని ఆడిస్తుంది. ఎయిర్‌బీఎన్‌బీ 2017లో బయటపెట్టింది. ఆ పేరు నీడబొమ్మలతో సినిమాలు తీసిన జర్మన్ కళాకారిణి లాటె రైనిగర్‌ది అని తెలిసినప్పటినుంచీ ఆ పనిముట్టు మీద నాకు అభిమానం పెరిగింది, అట్ట ముక్కలకి కీళ్లు పెట్టి ఆడించిన ఆవిడ పనికీ మన తోలుబొమ్మలకీ చుట్టరికం ఉంది కదా. అయితే ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోని అన్ని ఎఫెక్టులూ లాటీకి రావు, ప్లేయర్ బరువు కూడా పేజీ మీద పడుతుంది. ఒక్క కాయ ఊగడానికి లాటీ పెట్టకండి. బొమ్మ వాడేవాళ్ల చేతకి స్పందిస్తూ రకరకాల స్థితుల్లోకి మారాలంటే రైవ్ అనే పనిముట్టు చూడండి, ఏ స్థితినుంచి ఏ స్థితికి మారాలో చెప్పే దాని స్టేట్ మెషిన్ సరిగ్గా అందుకే ఉంది.

గిఫ్ మాత్రం వద్దు. ఫ్రేముకి 256 రంగులే, అంచులు పళ్లు పళ్లుగా ఉంటాయి, బరువెక్కువ. వాట్సాప్ స్టేటస్‌కి ఇవ్వాలంటే ఎంపీ4 తీసివ్వండి.

ఇచ్చే ముందు

కదలికలు పడనివాళ్లు ఉంటారు, కొందరికి తల తిరుగుతుంది. వాళ్లు ఫోన్ సెట్టింగుల్లో యానిమేషన్ తగ్గించుకుని ఉంటారు, ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ అనే మీడియా క్వెరీతో అది తెలుసుకుని వాళ్లకి పూర్తయిన బొమ్మని కదలకుండా చూపించండి. మామూలువాళ్లకైనా లోగో ఒక్కసారి ఆడి ఆగిపోవాలి. ధరలు చూసుకుందామని వచ్చిన రైతు కళ్ల ముందు కాయ ఆగకుండా ఊగుతూ ఉంటే అంకెలు చదవడం కష్టం. టెస్ట్ మీ కొత్త ల్యాప్‌టాప్‌లో కాకుండా పాత ఆండ్రాయిడ్ ఫోన్లో చేయండి, వీలైతే మిర్చి యార్డు దగ్గర ఎండలో నిలబడి. ఫోన్ లేకపోతే క్రోమ్ డెవ్‌టూల్స్ పెర్ఫార్మెన్స్ ప్యానెల్లో సీపీయూని 6 రెట్లు నెమ్మది చేసి చూడండి.

సైట్ లింకుని వాట్సాప్‌లో పంపితే వచ్చే ప్రివ్యూ బొమ్మకి ఎస్‌వీజీ పనికిరాదు, 1200 బై 630 సైజులో ఒక పీఎన్‌జీ పెట్టండి. ట్యాబ్ ఐకాన్‌కి ఎస్‌వీజీతో పాటు ఒక పీఎన్‌జీ కూడా ఇవ్వండి.

పని అయ్యాక ఓనర్ గారికి ఒక ఫోల్డర్ ఇవ్వండి: ప్రెస్సు నుంచి తెచ్చిన సీడీఆర్, కర్వ్స్ చేసిన ఎస్‌వీజీ, శుభ్రం చేసిన ఎస్‌వీజీ, పెద్ద పీఎన్‌జీ, రంగుల కోడ్లు రాసిన చిన్న టెక్స్ట్ ఫైల్. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, "ఎవరైనా లోగో అడిగితే ఈ లింకే పంపండి, వాట్సాప్‌లో ఫొటో పంపకండి" అని చెప్పి, ఆ లింకుని వాళ్ల ఫోన్లో మీరే పిన్ చేసి రండి.